మెట్స్‌ను నిలబెట్టింది ఆటగాళ్లు కాదు, రాతగాళ్లు

“బేస్‌బాల్‌లో న్యూయార్క్ మెట్స్ తొలి ఏళ్లలో అంత దారుణంగా ఓడిపోతుంటే అక్కడి పత్రికలు ఏం రాసేవి? చీల్చి చెండాడేవా, వెనకేసుకొచ్చేవా? అభిమానులకు కోపం రాలేదా?” అని అడిగారు.

చెండాడాయి, వెనకేసుకొచ్చాయి కూడా. కానీ అసలు సంగతి వేరే ఉంది. పుట్టిన ఏడాది 1962లో మెట్స్ అనేదాన్ని ఒక జట్టుగా నిలబెట్టింది ఆటగాళ్లు కాదు, క్రీడా విలేకరులు. ఈ మాట మీద నాతో వాదించినవాళ్లు చాలామంది ఉన్నారు, ఒక్కరూ నన్ను ఒప్పించలేకపోయారు.

నేను హైదరాబాదులో ఒక తెలుగు దినపత్రిక క్రీడల డెస్కులో ఏళ్ల తరబడి సబ్ ఎడిటర్‌గా పనిచేసి, తర్వాత న్యూజెర్సీ వచ్చి స్థిరపడ్డాను. వచ్చిన కొత్తలో ఉద్యోగం దొరికేలోగా మాన్‌హాటన్‌లోని పెద్ద గ్రంథాలయంలో పాత పత్రికల మైక్రోఫిల్ములు తిప్పుతూ కూర్చునేవాణ్ణి. అప్పటికి నాకు బేస్‌బాల్‌లో ఒక్క ముక్క తెలియదు. ఆ స్కోరు పట్టిక చూస్తే పంచాంగం చూసినట్టే ఉండేది. అయినా 1962 వేసవి రీళ్లు మొదలుపెట్టాక వదలబుద్ధి కాలేదు. ఆట అర్థం కాకపోయినా రాత అర్థమైంది మరి.

ముందు ఓటముల లెక్క చెప్పి పక్కన పెడతాను. ఆ ఏడాది మెట్స్ 160 ఆటల్లో 40 గెలిచి 120 ఓడింది. తొలి ఆట ఏప్రిల్ 11న సెయింట్ లూయిస్‌లో, 11–4 తేడాతో ఓటమి. వరుసగా తొమ్మిది ఓడాక 23న పిట్స్‌బర్గ్‌లో మొదటి గెలుపు. మే, జూన్ నెలల్లో ఏకబిగిన 17 ఓటములు. ఇరవయ్యో శతాబ్దం మొదలైనప్పటి నుంచి ఒక సీజన్‌లో 120 ఓడిన జట్టు మరొకటి లేదు. చివరికి 2024లో షికాగో వైట్ సాక్స్ 121 ఓడి ఆ అపకీర్తిని తన ఖాతాలో వేసుకుంది.

ఇంత ఓడినా ఆ ఏడాది మెట్స్ సొంత మైదానం పోలో గ్రౌండ్స్‌కు 9 లక్షల పైచిలుకు జనం వచ్చారు. ఎందుకు వచ్చారు? న్యూయార్క్ వాళ్లకు ఆట మీద ప్రేమ ఎక్కువ అనే పాత సమాధానం నాకు నచ్చదు. బ్రూక్లిన్ డాడ్జర్స్, జెయింట్స్ రెండూ 1957 సీజన్ ముగియగానే కాలిఫోర్నియాకు మూటాముల్లె సర్దుకుని వెళ్లిపోయాయి. ఆ తర్వాత నాలుగు సీజన్లు ఊళ్లో మిగిలింది యాంకీస్ ఒక్కటే. ఆ జట్టుకు గెలవడం తప్ప మరో పని లేదు. డాడ్జర్స్ వెంట, జెయింట్స్ వెంట తిరిగిన విలేకరులు మాత్రం ఊళ్లోనే ఉన్నారు. అప్పుడు న్యూయార్క్‌లో పెద్ద దినపత్రికలు ఏడు. ఏడింటికీ క్రీడల పేజీలు ఉన్నాయి, ఆ పేజీలు రోజూ నిండాలి. పేజీ నిండకపోతే డెస్కు మీద ఎంత వేడి పుడుతుందో అనుభవించినవాణ్ణి కాబట్టి చెబుతున్నాను, కొత్త జట్టు కోసం అభిమానులకంటే ముందు ఎదురుచూసింది విలేకరులే.

ఇంకొకటి కూడా గమనించాలి. ఆ ఏడింటిలో నాలుగు ఉదయం వచ్చేవి: టైమ్స్, హెరాల్డ్ ట్రిబ్యూన్, డైలీ న్యూస్, మిర్రర్. మిగతా మూడు, అంటే పోస్ట్, జర్నల్ అమెరికన్, వరల్డ్ టెలిగ్రామ్ మధ్యాహ్నం వచ్చేవి. రాత్రి ఆటలో ఎవరు గెలిచారో ఉదయం పత్రికల్లో వచ్చేస్తుంది. మరి మధ్యాహ్నం పత్రికవాడు ఏం రాయాలి? స్కోరు చెబితే ఎవరూ పైసా ఇవ్వరు. అందుకని అతడు ఆట అయ్యాక ఆటగాళ్ల గదిలోకి వెళ్లి ఎందుకు జారవిడిచావు, అప్పుడు ఏమనుకున్నావు, ఇంట్లో ఏమంటున్నారు అని అడిగేవాడు. పోస్ట్‌లో రాసిన లియొనార్డ్ షెక్టర్, లాంగ్ ఐలాండ్ నుంచి వచ్చే న్యూస్‌డేలో రాసిన స్టాన్ ఐజాక్స్ లాంటివాళ్లు అలా తయారైనవారే. ప్రెస్ బాక్సులో వీళ్ల కిచకిచలు భరించలేక జిమ్మీ కానన్ అనే పేరుమోసిన పెద్ద కాలమిస్టు వీళ్లకు చిప్‌మంక్స్ అని, అంటే ఉడతలని, పేరు పెట్టాడు. తిట్టుగా పెట్టిన పేరును వాళ్లు బిరుదులా తగిలించుకుని తిరిగారు. ఉదయం పత్రికల్లోనూ డైలీ న్యూస్‌కు చెందిన డిక్ యంగ్ అంతకు ముందు నుంచే ఆటగాళ్ల గదిలో దూరి వార్తలు లాగేవాడు. మెట్స్ కోసం గొంతు చించుకునే కొత్త తరహా అభిమానులకు ‘న్యూ బ్రీడ్’ అని పేరు పెట్టిందీ అతడే. జనం తమ గురించి పేపర్లో చదువుకుని మర్నాడు మళ్లీ మైదానానికి వచ్చారు. ఇంతకంటే రుజువు నాకు అక్కర్లేదు.

మా డెస్కులో ఏం జరిగేదో చెప్పనా? రాత్రి పదకొండు దాటాక ఏజెన్సీ కాపీ వస్తుంది. జిల్లా ఎడిషన్లు అప్పటికే వెళ్లిపోయి ఉంటాయి. దాన్ని తెలుగు చేసి, ‘ఘోర పరాజయం’ అనో ‘చేతులెత్తేసిన’ అనో ఒక శీర్షిక తగిలించి పేజీ వదలాలి. 2008లో ఐపీఎల్ మొదలైనప్పుడు మన డెక్కన్ ఛార్జర్స్ 14 మ్యాచుల్లో రెండే గెలిచి అట్టడుగున నిలిచింది గుర్తుందా? గిల్‌క్రిస్ట్, లక్ష్మణ్, గిబ్స్, అఫ్రిదీ లాంటివాళ్లను పెట్టుకుని కూడా ఉప్పల్‌లో ఒక్కటి గెలవలేదు. పేర్లు పెద్దవి, ఫలితం సున్నా. రాయగలిగినవాడికి అంతకంటే వరం ఉంటుందా? ఒక రాత్రి మా కుర్ర విలేకరి ఒకడు మ్యాచ్ అయ్యాక స్టేడియం బయట జెండాలు అమ్మే మనిషితో మాట్లాడి వచ్చాడు. ఆ అమ్మేవాడు లోపలి అరుపులను బట్టి వికెట్లు లెక్కపెట్టుకుంటూ, నాలుగో వికెట్ పడగానే ధర సగానికి దించేస్తాడట. ఆరో వికెట్ పడితే మూట కట్టేస్తాడట. స్కోరు బోర్డు ఒక్కసారి కూడా చూడకుండా వ్యాపారం చేస్తున్నాడు! నేను దాన్ని బాక్సుగా పెట్టాలని పట్టుబట్టాను. పేజీ ఇన్‌చార్జి చదివి, నవ్వి, “బాగుందండీ, కానీ మనకు స్కోరు చాలు” అన్నాడు. ఆ చోటులో నగల దుకాణం ప్రకటన వచ్చింది. శీర్షిక ‘మళ్లీ ఓటమే’. ఆ వారంలో అంతకు ముందు కూడా అదే శీర్షిక వాడాం. మరుసటి ఏడాది దక్షిణాఫ్రికాలో అదే జట్టు కప్పు గెలిస్తే మాత్రం పేజీలకు పేజీలు రాశాం. వాటిలో ఒక్క వాక్యం నాకిప్పుడు గుర్తు లేదు. జెండాలవాడు గుర్తున్నాడు.

సరే, మెట్స్ దగ్గరికి వద్దాం. రాసేవాళ్లు ఎంత చురుకైనవాళ్లైనా సరుకు అందించేవాడు ఒకడు ఉండాలి కదా. ఆయనే మేనేజర్ కేసీ స్టెంగెల్. యాంకీస్‌కు 12 ఏళ్లలో పదిసార్లు లీగ్ టైటిల్, ఏడుసార్లు వరల్డ్ సిరీస్, అంటే అన్నిటికన్నా పెద్ద కప్పు, తెచ్చిపెట్టినవాడు. 1960లో వయసైపోయిందని సాగనంపారు. మెట్స్‌కు వచ్చేసరికి ఆయనకు 71 ఏళ్లు. విలేకరులను ‘నా రాతగాళ్లు’ అనేవాడు. ఆట అయ్యాక వాళ్లకు కావలసినంత మాట్లాడేవాడు. ఒక వాక్యం మొదలుపెట్టి, మధ్యలో 1920ల నాటి ఎవరినో తలచుకుని, ఎక్కడో తేలేవాడు. ఓటమి గురించి అడగబోయినవాడు చివరికి స్టెంగెల్ గురించి రాసుకుని వెళ్లేవాడు. పిల్లలను తిట్లు తినకుండా కాపాడాలంటే పెద్దవాడు వాగుడుకాయ వేషం కట్టాలని ఆయనకు బాగా తెలుసు. నేటి కోచ్‌లు మ్యాచ్ తర్వాత మైకు ముందు ‘ప్రక్రియ మీద దృష్టి పెడుతున్నాం’ అని చిలక పలుకులు పలుకుతుంటే నాకు ఒళ్లు మండుతుంది.

ఇప్పుడు అసలు ముచ్చట. 1962 జూన్ 17, ఆదివారం, పోలో గ్రౌండ్స్‌లో షికాగో కబ్స్‌తో రెండు ఆటలు. మొదటి ఆట మొదటి ఇన్నింగ్స్‌లోనే మెట్స్ ఫస్ట్ బేస్‌మన్ (పరుగెత్తేవాడు వరుసగా తొక్కుతూ పోవలసిన బేసుల్లో మొదటిదాని దగ్గర కాపు కాసేవాడు) మార్వ్ త్రోన్‌బెరీ చేతిలో బంతి లేకుండా, పరుగెత్తే ఆటగాడికి అడ్డంగా నిలబడ్డాడు. అంపైర్ తప్పు పట్టాడు. ముగిసిపోవలసిన ఇన్నింగ్స్ సాగి కబ్స్ నాలుగు పరుగులు చేసుకుంది. ఆ ఇన్నింగ్స్‌లోనే లూ బ్రాక్ అనే కబ్స్ కుర్రవాడు మైదానం మధ్య వెనక ఉన్న గ్యాలరీలో బంతి పడేశాడు. ఆ వైపు దూరం ఎంతంటే, ఆ స్టేడియం ఆ రూపంలో ఉన్న నాలుగు దశాబ్దాలలో లీగ్ ఆటలో అక్కడికి బంతి చేర్చినవాడు అంతకు ముందు ఒక్కడే. ఆ వింత చాలదన్నట్టు, మర్నాడే హాంక్ ఆరన్ కూడా మెట్స్ మీదే అక్కడ పడేశాడు.

తర్వాత మెట్స్ వంతు. అదే త్రోన్‌బెరీ తప్పు దిద్దుకోవడానికా అన్నట్టు బంతిని దూరంగా కొట్టాడు. భారీ మనిషి. ఒగుర్చుకుంటూ మొదటి బేస్, రెండో బేస్ దాటి మూడో బేస్ మీదికి చేరాడు. జనం కేకలు. అప్పుడు కబ్స్ ఫస్ట్ బేస్‌మన్ ఎర్నీ బ్యాంక్స్ తాపీగా బంతి అడిగి తీసుకుని, మొదటి బేస్ మీద కాలు పెట్టి అంపైర్ వైపు చూశాడు. త్రోన్‌బెరీ మొదటి బేస్‌ను తొక్కలేదు. అవుట్! స్టెంగెల్ కోపంతో డగౌట్ నుంచి, అంటే జట్టు కూర్చునే చోటు నుంచి, గునగునా పరుగెత్తుకొచ్చాడు. దారిలో ఒకరు ఆయనను ఆపి, గొడవ పెట్టుకోకండి, రెండో బేస్ కూడా తొక్కలేదు అని చెప్పారు. చెప్పింది తమ కోచ్ కుకీ లావజెటో అని కొందరు రాస్తారు, అంపైరే అని మరికొందరు. స్టెంగెల్ ఏమన్నాడన్నదీ చెప్పేవాడిని బట్టి మారుతుంది. మూడో బేస్ తొక్కాడని మాత్రం నాకు తెలుసు, దాని మీదే నిలబడ్డాడుగా అన్నాడనేది నాకు ఇష్టమైన రూపం. ఆ వెంటనే వచ్చిన చార్లీ నీల్ హోమ్ రన్, అంటే మన సిక్సర్ లాంటి దెబ్బ, కొట్టి బేసులన్నీ చుట్టడం మొదలుపెట్టాడు. స్టెంగెల్ బయటికొచ్చి ఒక్కో బేస్ చూపిస్తూ, తొక్కు అని సైగ చేశాడని చెబుతారు.

ఆట ఫలితం 8–7, మెట్స్ ఓటమి. ఒక్క పరుగు తేడా. త్రోన్‌బెరీ మొదటి బేస్ తొక్కి మూడో బేస్ మీద ఉండి ఉంటే నీల్ కొట్టిన దెబ్బకు అతడి పరుగు కూడా వచ్చేది. మన డెస్కులో అయితే దీన్ని ‘ఉత్కంఠ పోరులో మెట్స్ ఓటమి’ అని మూడు పేరాల్లో తేల్చేవాళ్లం. అక్కడ మాత్రం ఆ మనిషి ‘మార్వెలస్ మార్వ్’ అయ్యాడు. అతడు బ్యాటు పట్టుకుంటే జనం లేచి నిలబడేవారు. ఆ ఏడాది 16 హోమ్ రన్లు కొట్టాడన్నది ఎవరికీ గుర్తుండదు, తొక్కని బేసులే గుర్తున్నాయి.

ఇక్కడ విలేకరుల మీద నాకూ ఒక ఫిర్యాదు ఉంది. నవ్వించడానికి అలవాటు పడ్డ పెన్ను ఎవరినీ వదలదు. రోజర్ క్రెయిగ్ మంచి పిచర్, అంటే బంతి విసిరేవాడు. అతడి ఖాతాలో 1962లో 24 ఓటములు, 1963లో 22 రాశారు. అందులో 18 వరుస ఓటములు. చివరికి చొక్కా మీద అంకె మార్చి, అందరూ భయపడే 13 తొడుక్కుంటే ఆగస్టు 9న ఆ గండం గడిచింది. ఆ సీజన్ కాగానే సెయింట్ లూయిస్‌కు వెళ్లి, 1964లో వరల్డ్ సిరీస్ గెలిచిన జట్టులో ఉన్నాడు. అంటే లోపం ఎక్కడుందో తెలుస్తూనే ఉంది. రిచీ ఆష్‌బర్న్ 1962లో .306 సగటుతో బ్యాటింగ్ చేసి జట్టులో అత్యుత్తముడనిపించుకుని, అంతటితో ఆట మానేశాడు. త్రోన్‌బెరీని 1963 మే నెలలో కింది స్థాయి జట్టుకు పంపించేశారు. అభిమానులకు విదూషకుడు కావాలి, జట్టుకు ఫస్ట్ బేస్‌మన్ కావాలి.

యాజమాన్యం సంగతి మరీ తమాషా. జట్టు యజమానురాలు జోన్ పేసన్. జెయింట్స్‌లో వాటాదారుగా ఉన్నప్పుడు, ఆ జట్టు ఊరు విడిచి వెళ్లడానికి వ్యతిరేకంగా పడ్డ ఒకే ఓటు ఆమె తరఫుదే. 1962 వేసవిలో గ్రీసు యాత్రకు వెళుతూ, గెలిచినప్పుడు మాత్రమే తంతి కొట్టండి అని చెప్పిందట, ఆ తర్వాత అమెరికా నుంచి ఏ కబురూ రాలేదట. ఆమె తమ్ముడు జాన్ హే విట్నీ హెరాల్డ్ ట్రిబ్యూన్ యజమాని. ఓడిపోయే మెట్స్ మీద పుస్తకం రాసిన జిమ్మీ బ్రెస్లిన్‌ను 1963లో ఆ పత్రికే కాలమిస్టుగా తీసుకుంది. అక్క జట్టు, తమ్ముడి పత్రిక! ఇందులో కుట్ర వెతకనక్కర్లేదు. మన ఛార్జర్స్ యజమాని కూడా పత్రికా సంస్థే కదా. పత్రిక ఎవరిదన్నది కాదు, ఆ పత్రికలో రాసేవాడికి ఎంత చోటు ఇచ్చారన్నదే ముఖ్యం.

పత్రికలు కన్నెర్ర చేస్తే ఏమవుతుందో బ్యానర్ల గొడవలో కనిపిస్తుంది. అభిమానులు దుప్పట్ల మీద రాతలు రాసి స్టేడియానికి తెచ్చేవారు. యాంకీస్ నుంచి వచ్చిన ప్రెసిడెంట్ జార్జ్ వైస్‌కు అది గిట్టలేదు. కాపలావాళ్లు బ్యానర్లు లాక్కునేవారు. ప్రెస్ బాక్సు మొత్తం అభిమానుల పక్షాన నిలబడింది. యాజమాన్యం దిగొచ్చి, 1963లో ఏకంగా బ్యానర్ల రోజు జరిపింది.

మధ్యలో ఒక చలికాలం రాతే లేదు. 1962 డిసెంబర్ 8 నుంచి 1963 మార్చి 31 దాకా, 114 రోజులు న్యూయార్క్‌లో పత్రికల సమ్మె. ఆ రీళ్లలో వెలితి కనిపిస్తుంది. ఆ దెబ్బకు మిర్రర్ అదే ఏడాది అక్టోబర్‌లో మూతపడింది. మరో మూడు 1966లో కలిసిపోయి ఒకే పత్రికగా వచ్చి, 1967లో అదీ ఆగిపోయింది. గిల్ హాడ్జెస్ మేనేజర్‌గా 1969లో మెట్స్ వరల్డ్ సిరీస్ గెలిచేనాటికి, ఓటముల కాలంలో దాన్ని మోసిన ఏడు పత్రికల్లో మిగిలింది టైమ్స్, న్యూస్, పోస్ట్ మూడే. ఆ విజయం మీద అప్పుడు వచ్చినవి కూడా చదివాను. అద్భుతం, అపూర్వం, నమ్మశక్యం కానిది. మనవాళ్ల 2009 పేజీలకూ వాటికీ పెద్ద తేడా లేదు. గెలుపు మీద మంచి వార్త రాయడం ఎవరి వల్లా కాదు.

ఇక మీ చివరి ప్రశ్న, అభిమానులకు కోపం రాలేదా అని. 1964 మే 26న షికాగోలో మెట్స్ 19–1 తేడాతో కబ్స్‌ను చిత్తు చేసింది. ఆ రోజు ఎవరో ఒకాయన పత్రికాఫీసుకు ఫోన్ చేసి, మెట్స్ ఎన్ని పరుగులు చేసిందని అడిగాడట. పంతొమ్మిది అని చెప్పాడు డెస్కులోని మనిషి. అవతలాయన కాసేపు ఆగి, “ఇంతకీ గెలిచారా?” అన్నాడట. కట్టుకథ అంటారు కొందరు. రాత్రిళ్లు క్రీడల డెస్కులో ఫోన్లు ఎత్తినవాడిగా చెబుతున్నాను, ఇది నూటికి నూరుపాళ్లు జరిగే ఉంటుంది.